కుట్టు మిషన్ నడుం, మొదటిసారి మసాజ్‌కి వెళ్తున్నా, తెలిసినవాళ్ళు చెప్పండి

పెద్దబజారు_టైలర్ (బరంపురం)

అందరికీ నమస్కారం. బరంపురం పెద్ద బజారు వైపు 18 ఏళ్ళుగా బ్లౌజులు కుడుతున్నాను, వయసు 43. పొద్దున్న పదింటికి మిషన్ ముందు కూర్చుంటే వంటకీ భోజనానికీ తప్ప రాత్రి తొమ్మిది దాకా లేవను. ఠాకురాణి యాత్ర వచ్చే ఏడాదైతే ఇక చెప్పక్కర్లేదు, రెండేళ్ళకోసారి వచ్చే యాత్ర కాబట్టి ఊళ్ళో అందరికీ కొత్త చీరలు, ప్రతి చీరకీ బ్లౌజు. పోయిన యాత్రకి పట్టేసిన నడుం ఇప్పటికీ వదల్లేదు. దానికి తోడు కుడి రెక్క ఎముక పక్కన ఒకచోట ముడి పడినట్టు ఉంటుంది, సూదిలో దారం ఎక్కించడానికి తల వంచితే అక్కడి నుంచి చెవి వెనక దాకా లాగుతుంది.

మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చూపించాను. ఎక్స్‌రే తీసి ఎముకలో ఏమీ లేదు, కండరాలు బిగిశాయి అన్నారు, గంటకోసారి లేచి నడవమని చెప్పి కొన్ని వ్యాయామాలు చూపించారు. మానకుండా చేస్తున్నాను. నడుం కొంచెం నయం, ఆ ముడి మాత్రం కదల్లేదు. నా దగ్గర కుట్టించుకునే ఒకావిడ, ఆడవాళ్ళకి మసాజ్ చేసే అమ్మాయి ఉంది, పని నేర్చుకుని వచ్చింది, గంటకి 700 తీసుకుంటుంది అని చెప్పింది. 700 అంటే నాకు మూడు లైనింగ్ బ్లౌజుల కూలి.

అత్తగారు అదంతా సోకు అంటున్నారు. నా భయం వేరు. బట్టలు తీయాలా, ఎంతవరకు తీయాలి? నొప్పి పుడుతుందా? ఒక్కసారితో పోతుందా, లేక వారం వారం వెళ్ళాలా? అసలు దీనివల్ల నిజంగా మేలుందా? వెళ్ళినవాళ్ళు, తెలిసినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

గుణుపూర్_చిట్టి

అక్కా, నాదీ ఇదే బాధ, కాకపోతే నాది కంప్యూటర్ ముందు. ఎవరేం చెప్తారో చూడాలని ఇక్కడే కూర్చున్నా.

నూనెగిన్నె (గోపాల్‌పూర్)

అక్కా, నేను చేసేది ఈ పనే, 9 ఏళ్ళయింది. కేరళలో నేర్చుకున్నాను, కొన్నాళ్ళు సముద్రం ఒడ్డున ఒక హోటల్లో చేశాను, ఇప్పుడు ఇంటి ముందుగదిలో ఆడవాళ్ళకి మాత్రమే చేస్తున్నాను. మీరు అడగడం చాలా మంచిదైంది, చాలామంది అడగడానికి సిగ్గుపడి బిగుసుకుపోయి వచ్చి పడుకుంటారు, బిగుసుకున్న ఒంటి మీద ఎంత మంచి చెయ్యి పడినా ఫలితం సగమే.

మొదట మాటలు. నా దగ్గరికి కొత్తగా ఎవరొచ్చినా పావుగంట కూర్చోబెట్టి అడుగుతాను. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, బీపీ ఉందా, షుగర్ ఉందా, ఏ మాత్రలు వాడుతున్నారు, ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా, నెల తప్పారా, ఏ నూనె అయినా పడదా. ఇవేమీ అడక్కుండా పడుకోమన్న మనిషి దగ్గర మీరు పడుకోకండి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మిగతావన్నీ దీని తర్వాతే.

బట్టల సంగతి. మీకు ఎంతవరకు ఇబ్బంది లేదో అంతవరకే. నేను గది బయటికి వెళ్ళాకే మార్చుకుంటారు, బల్ల మీద పడుకుని పైన పెద్ద దుప్పటి కప్పుకుంటారు, తలుపు కొట్టి మీరు రమ్మంటేనే లోపలికి వస్తాను. వీపు చేస్తున్నప్పుడు వీపు వరకే దుప్పటి మడుస్తాను, అది అయ్యాక కప్పి అప్పుడు కాలి దగ్గర తీస్తాను. ఏ క్షణంలోనైనా చేస్తున్న చోటు తప్ప మిగతా ఒళ్ళంతా కప్పే ఉంటుంది. కొందరు నైటీతోనే పడుకుంటారు, వాళ్ళకి నూనె లేకుండా బట్ట మీద నుంచే ఒత్తుతాను, దానికీ ఫలితం ఉంటుంది.

మొదటి పది నిమిషాలు అరచేత్తో నెమ్మదిగా, పొడుగ్గా రాస్తాను. కండరం వేడెక్కాలి, నా చేతికి మీ ఒళ్ళు అలవాటు పడాలి. తర్వాత పిండి పిసికినట్టు పిసకడం, ఆ తర్వాతే బొటనవేలితో ముడి దగ్గరికి వెళ్ళడం. ముడి మీద ఒత్తినప్పుడు నొప్పి ఉంటుంది, లేదని అబద్ధం చెప్పను. కానీ అది "అబ్బ, అక్కడే" అనిపించే నొప్పిగా ఉండాలి. పళ్ళు బిగపట్టేంత, ఊపిరి ఆగేంత ఉంటే వెంటనే చెప్పాలి. పదిలో ఆరు దాటితే నేను ఒత్తిడి తగ్గిస్తాను, ఎందుకంటే ఒళ్ళు ఎదురుతిరిగి ఇంకా బిగుస్తుంది.

భోజనం చేసి రెండు గంటలైనా అయ్యాక వెళ్ళండి. అయిపోయాక గభాల్న లేవకండి, కళ్ళు తిరుగుతాయి, పక్కకి ఒత్తిగిలి రెండు నిమిషాలు కూర్చుని దిగండి. మర్నాడు ఒళ్ళు కొంచెం సలపవచ్చు, రెండో రోజుకి పోతుంది.

రాయగడ_ఫిజియో

నూనెగిన్నె గారు రాసినదంతా సరిగ్గా ఉంది, మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళకి చదివి వినిపించేలా ఉంది. "నిజంగా మేలుందా" అన్న ప్రశ్నకి నేను చెప్తాను.

నడుం నొప్పి విషయంలో ఉంది. 2017లో అమెరికాలో ఫిజీషియన్ల సంఘం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్) ఇచ్చిన మార్గదర్శకాల్లో కొత్తగా పట్టిన నడుం నొప్పికి మాత్రల కన్నా ముందు వేడి కాపడం, మసాజ్ లాంటివి ప్రయత్నించమన్నారు. దీర్ఘకాలం నుంచి ఉన్న నొప్పికైతే 2011లో సియాటిల్ వైపు 401 మంది మీద ఒక అధ్యయనం జరిగింది. వారానికి ఒక గంట చొప్పున 10 వారాలు మసాజ్ చేశారు. చేయించుకున్నవాళ్ళలో మూడోవంతుకి పైగా నొప్పి బాగా తగ్గింది లేదా పోయింది అన్నారు, మామూలు వైద్యంలో ఉన్నవాళ్ళలో 25 మందిలో ఒకరు మాత్రమే ఆ మాట అన్నారు. నాకు అందులో బాగా నచ్చిన విషయం ఇంకొకటుంది. కండరాన్ని వెతికి వెతికి గట్టిగా ఒత్తే పద్ధతీ, ఒళ్ళంతా మెల్లగా రాసే పద్ధతీ, రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. గట్టిగా నొక్కితేనే మసాజ్ అనుకునేవాళ్ళు ఇది గమనించాలి. ఇంకో మాట కూడా చెప్పాలి, ఏడాది గడిచేసరికి ఆ మేలు చాలావరకు తగ్గిపోయింది. అంటే మసాజ్ నొప్పిని తగ్గించి మీకు కొంత వెసులుబాటు ఇస్తుంది, ఆ వెసులుబాటులో మీరు వ్యాయామం చేసి నడుముకి బలం తెచ్చుకోవాలి. డాక్టర్లు చూపించినవి మానకండి.

ఎలా పనిచేస్తుందంటే, దెబ్బ తగిలితే మనకి తెలియకుండానే చేత్తో రుద్దుకుంటాం కదా, అదే. రుద్దిన స్పర్శ వెన్నుపాములో నొప్పి కబురుకి అడ్డుపడుతుందని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వివరించారు. నెమ్మదిగా రాసే చేతికి స్పందించే నరాలు కూడా చర్మంలో వేరుగా ఉన్నాయి, సెకనుకి కొన్ని సెంటీమీటర్ల వేగంతో రాస్తే అవి బాగా పలుకుతాయి. అమ్మ వీపు నిమిరే వేగం దాదాపు అదే. గుండె వేగం తగ్గుతుంది, నిద్ర పడుతుంది, టెన్షన్ దిగుతుంది.

మసాజ్ చేస్తే కండరాల్లో లాక్టిక్ యాసిడ్ పోతుందనీ, ఒంట్లో విషాలు బయటికి వస్తాయనీ చెప్తారు, అవి నమ్మకండి. 2012లో కెనడాలో 11 మంది కుర్రాళ్ళ చేత అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి ఒక కాలికి మాత్రమే పది నిమిషాలు మసాజ్ చేసి, రెండు కాళ్ళ కండరం ముక్కలూ తీసి చూశారు. మసాజ్ చేసిన కాలిలో వాపు సంకేతాలు తగ్గాయి, లాక్టిక్ యాసిడ్‌లో మాత్రం తేడా లేదు. తర్వాత దాహమైతే నీళ్ళు తాగండి, అంతే.

కాశీనగర్_రైతు

ఇంట్లో నువ్వుల నూనె కాచి మొగుడి చేతో కూతురి చేతో రాయించుకుంటే సరిపోయేదానికి 700 ఎందుకు? మసాజ్ సెంటర్లంటే పేపర్లో ఏం రాస్తారో మనకి తెలియదా. కుటుంబ స్త్రీలు వెళ్ళే చోట్లు కావవి.

నూనెగిన్నె (గోపాల్‌పూర్)

బాబాయ్, ఇంట్లో రాయించుకోవడం చాలా మంచిది, నా దగ్గరికి వచ్చేవాళ్ళకి కూడా ఇంట్లో ఎలా రాసుకోవాలో చూపించే పంపుతాను. రెండో మాటకి మాత్రం జవాబు చెప్పాలి. నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు మా ఇంటి వీధిలో రెండేళ్ళు నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. ఇవాళ ఆ వీధిలోనే మోకాళ్ళు పట్టేసిన పెద్దవాళ్ళు నలుగురు వస్తారు. తప్పు చేసే చోట్లు ఉన్నాయి, కాదనను. అందుకే మంచి చోటు ఎలా ఉంటుందో ఆడవాళ్ళకి తెలియాలి. ఎక్కడ నేర్చుకున్నారని అడగండి, ఆడవాళ్ళకి ఆడవాళ్ళే చేస్తారా అని అడగండి, తోడుగా వచ్చిన మనిషిని గదిలో కూర్చోనిస్తారా అని అడగండి. మధ్యలో "ఆపండి" అంటే కారణం అడక్కుండా ఆపాలి. వీటిలో దేనికి చిరాకు పడినా చెప్పులేసుకుని వచ్చేయండి.

పర్లాకిమిడి_మాస్టారు

నేను రిటైరైన టీచర్ని, 67 ఏళ్ళు. మన వైపు మగవాళ్ళకి మసాజ్ అంటే కటింగ్ షాపే. కటింగ్ అయ్యాక తల మీద నాలుగు దరువులేసి, భుజాలు పిసికి, చివర్లో గడ్డం పట్టుకుని మెడ అటు ఒక పటుక్కు ఇటు ఒక పటుక్కు. ముప్పై ఏళ్ళు నెలకోసారి చేయించుకున్నాను, ఆ పటుక్కుమనే చప్పుడు లేకపోతే కటింగ్ పూర్తయినట్టు ఉండేది కాదు.

ఒకసారి కొత్త కుర్రాడు కొంచెం జోరుగా తిప్పాడు. వెంటనే ఏమీ తెలియలేదు. ఇంటికొచ్చి భోజనానికి కూర్చుంటే ఎడమవైపు మెడలో చెప్పలేని నొప్పి, గది గుండ్రంగా తిరుగుతోంది, ముద్ద ఎత్తితే చెయ్యి నోటి పక్కకి పోతోంది. మా అబ్బాయి ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మెడ వెనక నుంచి మెదడుకి వెళ్ళే రక్తనాళం లోపలి పొర చిరిగిందన్నారు. మూడు నెలలు మందులు వాడాను, నడక కుదురుకోవడానికి ఇంకా ఎక్కువే పట్టింది. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, వాడికి నేర్పినవాళ్ళు అలాగే నేర్పారు. భుజాలు పిసకనివ్వండి, తలకి నూనె పెట్టనివ్వండి. మెడ తిప్పబోతే చెయ్యి అడ్డుపెట్టి వద్దని చెప్పండి. ఇది నేను అందరికీ బతిమాలి చెప్తున్న మాట.

రాయగడ_ఫిజియో

మాస్టారూ, మీరు కోలుకున్నందుకు సంతోషం. మెడ వెనక్కి వాల్చి సింకులో తల కడిగినప్పుడు కూడా అరుదుగా ఇలాంటిది జరుగుతుంది, 1993 నుంచి దానికి బ్యూటీ పార్లర్ స్ట్రోక్ అన్న పేరే ఉంది. మెడ నొప్పితో పాటు కళ్ళు తిరగడం, మాట తడబడటం, ఒకవైపు పట్టు తప్పడం, ఇందులో ఏది కనిపించినా పడుకుంటే తగ్గుతుందని చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

జయపురం_లారీ_ఇల్లాలు

నాది కూడా చెప్పాలనిపిస్తోంది. మా ఆయన లారీ నడుపుతారు. పోయిన ఏడాది రాయ్‌పూర్ వైపు లోడు వేసుకుని వెళ్ళి నాలుగో రోజు తెల్లవారుజామున వచ్చారు. ఎడమ పిక్క రాయిలా ఉంది, కాలు కింద పెట్టలేకపోతున్నారు. కూర్చుని కూర్చుని నరం పట్టేసిందనుకున్నాం. మా కాలనీలో ఒక ముసలాయన ఉన్నారు, బెణుకులకీ పట్టేసినదానికీ మాలిష్ చేస్తారు, చదువు లేదు, డబ్బులు అడగరు, ఎంతిస్తే అంత. ఆయన్ని పిలిచాను, ఈలోపు ఆవ నూనెలో వెల్లుల్లి వేసి కాచాను.

ఆయన వచ్చి మంచం పక్కన కింద కూర్చున్నారు. నూనె గిన్నె ముట్టుకోలేదు. పంచె మోకాళ్ళ పైకి జరిపి రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టించి చాలాసేపు చూశారు. అరచెయ్యి వెనక్కి తిప్పి, వేళ్ళ వెనకభాగంతో ముందు కుడి పిక్క, తర్వాత ఎడమ పిక్క తాకారు. "ఇది కాలుతోంది" అన్నారు. తర్వాత నన్ను కొంచెం దారం తెమ్మన్నారు. కుడి పిక్క చుట్టూ దారం కట్టి ఎక్కడ కలిసిందో అక్కడ ముడి వేశారు. అదే దారం ఎడమ పిక్క చుట్టూ తిప్పితే ముడి దగ్గరికి రానే లేదు, మధ్యలో రెండు వేళ్ళ ఖాళీ. ఆ ఖాళీలో తన రెండు వేళ్ళు పెట్టి నాకు చూపించి, "అమ్మా, దీని మీద నేను చెయ్యి వేయను, ఎవరినీ వేయనివ్వకు, ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు, నడిపించకు" అన్నారు.

డాప్లర్ స్కాన్‌లో కాలి లోపలి నరంలో రక్తం గడ్డ కట్టిందని తేలింది. పిసికి ఉంటే గడ్డ ఊడి ఊపిరితిత్తులకి పోయేది అన్నారు డాక్టర్. ఆరు నెలలు మాత్రలు వాడారు, ఇప్పుడు మళ్ళీ బండి ఎక్కుతున్నారు, మూడు గంటలకోసారి దిగి నడుస్తారు. ఆ దారం ముక్క నేను దేవుడి దగ్గర దాచాను.

రాయగడ_ఫిజియో

అమ్మా, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆయన దారంతో చేసినది మేం టేపుతో చేస్తాం. మోకాలి కింద ఎముక బుడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందకి కొలిచి రెండు పిక్కల చుట్టుకొలతా చూస్తాం, 3 సెంటీమీటర్లు మించి తేడా ఉంటే గడ్డ ఉందేమోనని అనుమానించి స్కాన్‌కి పంపుతాం. ఆయన చేతికి ఆ లెక్క అనుభవంతో వచ్చింది. ఒక కాలే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మసాజ్ వద్దు. ముఖ్యంగా దూర ప్రయాణం తర్వాత, ఆపరేషన్ తర్వాత, కాన్పు తర్వాత, రోజుల తరబడి మంచం మీద ఉన్న తర్వాత.

జ్వరం ఉన్నప్పుడు, చర్మం మీద పుండో గజ్జో ఉన్నచోట, కొత్త దెబ్బ మీద వద్దు. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళకి గట్టి ఒత్తిడి వద్దు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకి నూనె వేడి తెలియదు, వాళ్ళ పాదానికి రాసే ముందు రాసేవాళ్ళు తమ చేతి మీద చూసుకోవాలి. ఇన్సులిన్ పొడిచిన చోట మర్దన చేస్తే మందు త్వరగా రక్తంలో కలిసి షుగర్ పడిపోవచ్చు, ఆ చోటు వదిలేయాలి. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళు తమ డాక్టర్‌ని అడిగి తేలికగా చేయించుకోవచ్చు, చాలామందికి నిద్రకీ ఆందోళనకీ సాయం చేస్తుంది.

ఛత్రపురం_కొత్తమ్మ

మాకు పాప పుట్టి నెల. నేను పర్లాకిమిడి వైపు మనిషిని, మా ఆయన వాళ్ళు ఒడియా. మా అమ్మ నువ్వుల నూనె అంటుంది, అత్తయ్య ఆవ నూనె అంటారు, రోజూ ఇదే గొడవ. నీళ్ళు పోసే ఆవిడ పాపని కాళ్ళ మీద పడుకోబెట్టి గట్టిగా సాగదీస్తుంది, పాప ఏడుపు వినలేక నేను బయటికి వెళ్ళిపోతున్నా. ఏం చేయాలి?

పాత_నర్సమ్మ (రాయగడ)

అమ్మడూ, నేను 31 ఏళ్ళు ప్రసూతి వార్డులో పనిచేశాను. ముందు నువ్వు బయటికి వెళ్ళకు, అక్కడే కూర్చో. పాప ఏడుస్తుంటే ఆపమను. నలుగు పెట్టడం, నూనె రాయడం మంచి ఆచారాలే, మా పిల్లలందరికీ చేసుకున్నాం. నెలలు తక్కువ పిల్లల విషయంలో అయితే 1986లోనే అమెరికాలో చూశారు, రోజుకి మూడుసార్లు 15 నిమిషాల చొప్పున పది రోజులు నెమ్మదిగా మర్దన చేసిన పిల్లలు మిగతావాళ్ళ కన్నా 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. అంత మేలు చేసే పనిని మోటుగా చేసి పాడుచేసుకోకూడదు.

నూనె గొడవకి నా మాట ఏమిటంటే, పసిపిల్లల చర్మానికి ఆవ నూనె ఘాటు, చర్మం పై పొరని దెబ్బతీస్తుందని ప్రయోగాల్లో కనిపించింది. అత్తయ్యకి ఎదురు చెప్పినట్టు కాకుండా, డాక్టర్ కొబ్బరి నూనె రాయమన్నారని చెప్పి, డాక్టర్ చేత కూడా ఒక మాట అనిపించు. చెవుల్లో, ముక్కులో, బొడ్డులో నూనె చుక్క వేయనివ్వకు. రొమ్ములు నొక్కి పాలు తీయడం, కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తడం, తల గుండ్రంగా రావాలని ఒత్తడం, ఇవి మన వైపు ఇంకా చేస్తున్నారు, ఇవేవీ వద్దు. రొమ్ము నొక్కి చీము పట్టిన పిల్లల్ని నా చేతుల్తో ఎత్తుకున్నాను. వెచ్చటి గదిలో, పాలు తాగిన వెంటనే కాకుండా కొంచెం ఆగి, నీ చేత్తో నువ్వే రాయి. పాప నీ మొహం చూస్తుంటే చాలు, సరిగ్గా చేస్తున్నట్టే.

ఛత్రపురం_కొత్తమ్మ

ఇవాళ నేనే రాశాను నర్సమ్మ గారూ. ఏడవలేదు. సగంలో నిద్రపోయింది.

పెద్దబజారు_టైలర్ (బరంపురం)

అందరికీ దండాలు. మొన్న బుధవారం వెళ్ళొచ్చాను. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళాను.

గది చిన్నది, మేడ మీద. వెళ్ళగానే కుర్చీ వేసి, నీళ్ళిచ్చి అడగడం మొదలుపెట్టింది. నూనెగిన్నె గారు రాసినవన్నీ దాదాపు అదే వరసలో అడిగింది, అప్పుడే సగం భయం పోయింది. నేను ఏం పని చేస్తానని అడిగి, మిషన్ మీద ఎలా కూర్చుంటానో కుర్చీలో చేసి చూపించమంది. చూపించాను. కుడి భుజం చెవి దగ్గరికి ఎక్కి ఉందండీ చూడండి, అంటూ అద్దం ముందు నిలబెట్టింది. 18 ఏళ్ళుగా అద్దాల ముందు ఎంతమందికి భుజం కొలతలు తీశానో, నా భుజం ఎత్తు తేడా నేను ఎప్పుడూ చూసుకోలేదు.

తర్వాత మీరు చెప్పినట్టే, దుప్పటి, తలుపు కొట్టడం. మొదట వీపు మీద చెయ్యి పెట్టి ఊరికే ఉంచింది, రాయలేదు, నా ఊపిరితో పాటు ఆ చెయ్యి పైకీ కిందకీ వెళ్తోంది. నాకెందుకో కళ్ళలో నీళ్ళొచ్చాయి. పెళ్ళయ్యాక నా వీపు మీద ఎవరైనా నా కోసం చెయ్యి పెట్టింది ఇదే మొదటిసారేమో. ఆ అమ్మాయి ఏమీ అడగలేదు, గుడ్డ అందించి పని చేసుకుంటూ పోయింది. ఆ ముడి దగ్గరికి వచ్చినప్పుడు ఒత్తిపట్టి పది లెక్కపెట్టి వదిలింది, అలా నాలుగైదుసార్లు. మొదటిసారి నొప్పి ఏడు, చివరిసారి నాలుగు. లేచాక తల కుడివైపు తిప్పితే గోడ మీద కేలెండర్ కనిపించింది, పడుకునే ముందు అటు తిరిగి చూడలేకపోయాను.

ఆ రాత్రి మధ్యలో లేవకుండా నిద్రపోయాను. మర్నాడు జ్వరం వచ్చి తగ్గినట్టు ఒళ్ళంతా సలిపింది, శుక్రవారానికి పోయింది. ముడి పూర్తిగా పోలేదు, శనగగింజంత ఉండేది ఇప్పుడు పెసరగింజంత ఉంది.

నూనెగిన్నె (గోపాల్‌పూర్)

అక్కా, కళ్ళలో నీళ్ళు రావడం గురించి రాసినందుకు థాంక్స్. నా బల్ల మీద చాలామందికి వస్తాయి, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. వారానికొకటి చొప్పున నాలుగైదుసార్లు చేయించుకుని ఆపి చూడండి. ఒకేసారి పది సిట్టింగుల డబ్బులు కట్టమంటే కట్టకండి. మిషన్ బల్ల ఎత్తు సరిచేయకుండా ఎన్నిసార్లు చేయించుకున్నా ఆ ముడి మళ్ళీ వస్తుంది.

రాయగడ_ఫిజియో

బల్ల కింద రెండు ఇటుకలు పెట్టి చూడండి. మోచెయ్యి బల్ల మీద ఆనినప్పుడు భుజం పైకి లేవకూడదు, తల వంచకుండా సూది కనబడాలి. లైటు ఎడమవైపు నుంచి దగ్గరగా పెట్టుకోండి, సగం వంగడం వెలుతురు చాలకే.

గుణుపూర్_చిట్టి

నేను కంప్యూటర్ కింద రెండు లావు రిజిస్టర్లు పెట్టాను. నాలుగు రోజులకే మెడలో తేడా తెలుస్తోంది. ఫిజియో గారూ, థాంక్స్.

పెద్దబజారు_టైలర్ (బరంపురం)

5 వారాలైంది. మొత్తం నాలుగుసార్లు వెళ్ళాను, 2800 అయింది. ఇటుకలు పెట్టాను, లైటు మార్చాను, ఫోన్‌లో గంటకోసారి అలారం, మోగగానే లేచి వీధి చివరి దాకా నడిచి వస్తున్నాను. ముడి కోసం వెతికితే దొరుకుతుంది గాని దారం ఎక్కించేటప్పుడు చెవి దాకా లాగడం పోయింది. ఇక నెలకోసారి వెళ్దామనుకుంటున్నా.

ఇంకో సంగతి. మా అత్తగారు రోజూ నన్ను చూస్తూనే ఉన్నారు, ఏమీ అనలేదు. నిన్న రాత్రి అంట్లు తోముతుంటే వెనక నిలబడి, "ఆ పిల్ల మోకాళ్ళకి కూడా చేస్తుందా?" అని అడిగారు. ఆవిడకి 71. తీసుకెళ్ళవచ్చా?

రాయగడ_ఫిజియో

మోకీలు అరుగుదలకి కూడా మేలుంది. 222 మంది మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది, వారానికో గంట చొప్పున 8 వారాలు చేస్తే నొప్పి తగ్గి కదలిక పెరిగింది. ఏడాది దగ్గరికొచ్చేసరికి చేయించుకోనివాళ్ళతో పెద్ద తేడా మిగల్లేదు, కాబట్టి తొడ కండరానికి వ్యాయామం కూడా పెట్టాలి. ఆవిడ ఏ మాత్రలు వాడుతున్నారు?

పెద్దబజారు_టైలర్ (బరంపురం)

బీపీకి ఒకటి, షుగర్‌కి ఒకటి. రెండేళ్ళ క్రితం గుండెలో స్టెంటు వేశారు, దానికి రక్తం పలచబడే మాత్ర ఉంది.

నూనెగిన్నె (గోపాల్‌పూర్)

అయితే ముందు గుండె డాక్టర్‌ని అడగండి అక్కా. సరే అంటే మందుల చీటీ మొత్తం ఆ అమ్మాయి చేతికివ్వండి, చేత్తో రాయడం వరకే, బొటనవేలి ఒత్తుళ్ళు వద్దని చెప్పండి, ఆ మాత్ర వాడేవాళ్ళకి కొంచెం ఒత్తినా కమిలిపోతుంది. మేడ మీద గది అన్నారు కదా, అమ్మగారు ఆ మెట్లు ఎక్కలేకపోతే ఇంటికి వచ్చి చేస్తుందేమో అడగండి.

పెద్దబజారు_టైలర్ (బరంపురం)

సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. చీటీ ఇప్పుడే అత్తగారి సంచిలో పెట్టాను.